సహాయకురాలి టికెట్టు

మాట తూలి పరువు పోగొట్టుకునేవాళ్ళు లోకంలో కోకొల్లలు. నోరు మూసుకుని కూర్చుని పోగొట్టుకునేవాళ్ళు తక్కువ. ఈ కథలో మనిషి ఆ రెండో రకం. వృత్తికి లిఫ్టు మెకానిక్కు, ఇప్పుడు పదిమంది మెకానిక్కుల మీద సూపర్‌వైజరు కూడా. లిఫ్టు ఆగిపోయి రెండంతస్తుల మధ్య ఇరుక్కుని గోలపెట్టేవాళ్ళకి, తలుపు ఇవతల నిలబడి అరగంటసేపు ఆపకుండా ధైర్యం చెప్పగలడు. అంతటి మాటకారికి, ఒకే ఒక్క ముక్క చెప్పవలసిన చోట గొంతులో వెలక్కాయ పడింది.

ఓడ ప్రయాణం ఊసు వచ్చిందే వాళ్ళ అక్క వల్ల. తల్లి పోయేనాటికి అతనికి మూడేళ్ళు, అక్కకి పదిహేను. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. మరుసటి ఏడే ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాజాల పనిలో చేరింది. చొక్కా గుండీ దూరే చీలిక చుట్టూ దారం విడిపోకుండా చేత్తో కుట్టే పని అది. మధ్యలో పెళ్ళయింది. రెండేళ్ళకే భర్త జబ్బుచేసి పోయాడు. ఆయన గుర్తుగా ఇంటిపేరొక్కటే మిగిలింది. తిరిగొస్తే చుట్టాలు 'పాపం, తమ్ముడి పంచన చేరింది' అన్నారు. అప్పటికి తమ్ముడి వయసు పదేళ్ళు. ఎవరి పంచన ఎవరున్నారో ఆ మహానుభావులు చూసుకోలేదు.

కార్ఖానాలో ఆమెను అందరూ కాజాలక్క అనేవాళ్ళు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాడైన యజమాని కూడా అక్కా అనే పిలిచేవాడు. మనకి అక్క అన్న మాట అంత చవక. కూరలమ్మే ఆవిడా అక్కే, బస్సులో పక్క సీటావిడా అక్కే. ఆ చవకతనమే చివరికి కొంప ముంచింది.

నలభై రెండేళ్ళ తర్వాత ఈ ఏడు ఆమె పని మానేసింది. ఏం కావాలో కోరుకోమని తమ్ముడు అడిగితే, గొలుసో గాజులో అంటుందనుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఇంత కన్నం వంక చూస్తూ కూర్చున్నాన్రా," అంది ఆమె, వేలికొస మీద బొటనవేలు పెట్టి చూపించి. "ఒక్కసారి సముద్రం మధ్యకెళ్ళి, ఎటు చూసినా ఒడ్డు కనపడని చోట నిలబడాలని ఉంది."

అంతే, ఇంట్లో ఓడల పురాణం మొదలైంది. భోజనాల బల్ల మీదికి రెండు కరపత్రాలు వచ్చాయి. ఒకటి మామూలు ఓడది, ఇంకొకటి ప్రీమియం ఓడది. రెండోదాని ధర మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు. మందుల షాపులో పనిచేసే అతని భార్య రెట్టింపు వైపు మొగ్గింది.

"పిండి కొద్దీ రొట్టె అండీ. మా షాపులో ఆవిడ పోయినేడు మామూలు ఓడలో వెళ్ళొచ్చింది. ఈతకొలనులో నీళ్ళ కంటే మనుషులే ఎక్కువట. భోజనానికి క్యూ, కుర్చీకి క్యూ, ఆఖరికి సూర్యాస్తమయం చూడ్డానిక్కూడా క్యూనేనట."

"గదికి కిటికీ కూడా ఉండదు," అంది పన్నెండేళ్ళ కూతురు, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివి.

"కిటికీ లేని గదిలో పడుకోడానికి సముద్రం దాకా ఎందుకే? మన సామాన్ల గది లేదూ? అది ఊగదు, అంతే తేడా," అంది అక్క.

ప్రీమియం ఓడలో బాల్కనీ ఉంది. పిల్లలకి వేరే ఆటల గది ఉంది. తిన్నదానికీ తాగినదానికీ మళ్ళీ డబ్బులడగరు. మనుషులు సగమే ఉంటారు. ఏడేళ్ళ కొడుకు నీళ్ళ జారుడుబల్ల బొమ్మ మీద నుంచి వేలు తియ్యనేలేదు.

"ఇంతకీ నాకో అనుమానం," అంది అక్క, కళ్ళజోడు సర్దుకుంటూ. "సముద్రం రెండు ఓడలకీ ఒకటేనా, ప్రీమియం వాళ్ళకి వేరే సముద్రం చూపిస్తారా?"

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి, బల్ల మీద అరచేత్తో చరిచి చెప్పాడు. "నువ్వూరుకో అక్కా. వెళ్ళేదే నీకోసం. వెళ్తే మంచి ఓడలోనే వెళ్దాం." నలుగురి ముందూ అన్న మాట. తిరిగి మింగడానికి వీల్లేదు.

చిక్కల్లా ఒక్కటే. ప్రీమియం వాళ్ళ దృష్టిలో కుటుంబం అంటే నలుగురు. ఐదో మనిషి ఉంటే వేరే గది తీసుకోవాలి, దానికి పూర్తి ధర కట్టాలి. ఆ ముక్క అతను ఇంట్లో చెప్పలేదు. కూర్చుని మాట్లాడితే ఏదో దారి దొరక్కపోదని ఒక శనివారం మధ్యాహ్నం ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాడు. భార్య డ్యూటీలో ఉంది. కొడుకు బూట్ల కోసం అక్కనీ వాణ్ణీ వెంటబెట్టుకుని బజారుకొచ్చాడు కాబట్టి వాళ్ళు కూడా వచ్చారు. మూడో అంతస్తు. వాడి చేతిలో ఐస్‌క్రీం కారుతోంది. లోపల తివాచీ చూసి అక్క గుమ్మం బయటే ఆగిపోయింది.

ఆఫీసులో టికెట్లు రాసే ఆవిడ మంచి మనిషి. ఆ మంచితనమే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది తర్వాత. సంగతంతా విని, ఐదో మనిషికి ఎంతవుతుందో చెప్పింది. అతని మొహం వాడిపోయింది. అప్పుడావిడ గాజు తలుపులోంచి బయటికి చూసింది. అక్క రెండు బూట్ల పెట్టెలు చంకలో ఇరికించుకుని, నేల మీద మోకాలు ఆనించి, పిల్లాడి మూతి తుడుస్తోంది.

"బాబుతో ఉన్నావిడ ఎవరండీ? ఐదో మనిషి ఆవిడేనా?"

"అవునండీ, మా అక్క."

"ఓ, అక్కా! ముందే చెప్పొద్దూ సార్?" అని ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మా ఇంట్లోనూ ఓ అక్క ఉంది, పదేళ్ళుగా. ఆవిడ పనిలోకి రాని రోజున నాకు కాలూ చెయ్యీ ఆడవు. ప్రీమియంలో సహాయకురాలి టికెట్టని ఒకటుంది సార్. పిల్లల్ని చూసుకోడానికి ఇంట్లో పనిచేసే మనిషిని తెచ్చుకోవచ్చు. మీ గదిని ఆనుకునే చిన్న పడక ఇస్తారు. ధర పావు వంతే."

అక్కడ అతను చెప్పవలసినవి రెండు మాటలు. సొంత అక్క. అంతే. ఆవిడ నాలిక్కరుచుకునేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, అయిపోయేది.

మొదటి క్షణం నిజంగానే అర్థం కాక ఊరుకున్నాడు. రెండో క్షణం పావు వంతు అన్న మాట చెవిలో గింగురుమని ఊరుకున్నాడు. మూడో క్షణం ఎందుకు ఊరుకున్నాడో తనకు తాను చెప్పుకోడానికి కూడా అతనికి సిగ్గే. ఎవరింటికి రిపేరుకెళ్ళినా వెనక మెట్ల దారి చూపిస్తారు. గోళ్ళలో గ్రీజు చూసి కాగితపు కప్పులో నీళ్ళిస్తారు. అలాంటివాణ్ణి, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న దొరబాబు అనుకుంది ఈవిడ. అది అతనికి హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే, కానీ అనిపించింది.

అవుననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆవిడ పూర్తి అంగీకారమే అనుకుని కంప్యూటర్లో కొట్టేసింది. ఇంటిపేర్లు వేరు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంట్లో ఆఫరు దొరికిందన్నాడు. భార్య మురిసిపోయింది. అక్క ఆ సాయంత్రమే బట్టల షాపుకెళ్ళి, ఐదుగురికీ ఒకే నీలం రంగు గుడ్డ తెచ్చింది. కార్ఖానాకి వెళ్ళి పాత స్నేహితురాళ్ళ మధ్య కూర్చుని, "మా తమ్ముడు నన్ను మామూలు ఓడ ఎక్కించడట! పెద్దదే కావాలట! వద్దంటే వింటేగా," అని తమ్ముణ్ణి తిడుతున్నట్టుగా పొగిడి వచ్చింది. ఆ సంగతి ఆమే చెబుతుంటే అతను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. కొలతలు తీసుకోడానికి ఆమె టేపు పట్టుకుని అతని ముందు నిలబడితే, పక్కనున్న గోడ వంక చూశాడు. రోజూ పొద్దున్నే ఇవాళ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేద్దామనుకునేవాడు. సాయంత్రానికి ఏదో ఒక లిఫ్టు ఆగిపోయేది. ఆగకపోతే ఎక్కడైనా ఆగిందేమోనని తనే కనుక్కునేవాడు.

అలా మూడు వారాలు గడిచాక ఆఫీసు నుంచే ఫోన్ వచ్చింది.

"సార్, ఒక రూలుంది. సహాయకురాలిగా వచ్చే మనిషి స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి. పాపం, బలవంతాన తీసుకొస్తున్నారేమో అని ఓడ కంపెనీవాళ్ళు నాలుగు ప్రశ్నలు అడగమంటారు. మంచి రూలే కదండీ?"

"మంచి రూలేనండీ," అన్నాడు అతను.

మర్నాడు బస్సులో వెళ్తూ దారి పొడుగునా ప్రయత్నించాడు.

"అక్కా, అక్కడ..."

"ఏంట్రా?"

"ఏం లేదు. సంతకం పెట్టాలి."

"పెడతాను. నా సంతకం ఇప్పటిదాకా జీతం పుస్తకం తప్ప ఇంకేం చూళ్ళేదు. ఓడ కాగితం మీద పడితే దాని జన్మ ధన్యమే." ఆమె కొత్త నీలం బట్టల్లో వచ్చింది. ఓడ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఓడ బట్టలే వేసుకోవాలట.

ఆమెను బయట కూర్చోబెట్టి, తను ముందు లోపలికెళ్ళి సరిచేసి వద్దామని అతని పథకం. గాజు తలుపు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆవిడ చూడనే చూసింది. "రండి రండి, అక్కా, కూర్చోండి," అని కుర్చీ లాగింది. అక్క ఆ మర్యాదకి పొంగిపోయి కూర్చుంది.

"అక్కా, భయపడకండి, ఊరికే అడుగుతున్నా. సార్ వాళ్ళింట్లో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు?"

అక్క అతని వంక చూసింది. ఒక్కసారే. చిన్నప్పుడు స్కూల్లో అతను ఏదైనా తప్పు చేస్తే, పంతులమ్మ చెప్పేలోపే అతని మొహం చూసి కనిపెట్టేసేది. ఇప్పుడూ అంతే సేపు పట్టింది. అతను బల్ల మీద స్టాప్లరు వంక చూస్తున్నాడు.

"బాబు మూడేళ్ళవాడప్పటి నుంచీనండీ," అంది ఆమె.

"బాబుకిప్పుడు ఏడు కదూ? అంటే నాలుగేళ్ళు," అని రాసుకుంది ఆవిడ. 

"అంతే అనుకోండి."

"జీతం సరిగ్గా ఇస్తున్నారా?"

"లోటేం లేదండీ."

"సెలవులు?"

"నేనెప్పుడూ అడగలేదండీ."

"రూల్సు కూడా చెప్పేస్తానక్కా. మీకు భోజనం కింద అంతస్తులో, ఓడ స్టాఫుతో పాటు. పై డెక్కు మీదికి పిల్లలు వెళ్ళినప్పుడు వాళ్ళతో మీరూ వెళ్ళొచ్చు. ఒక్కరే వెళ్ళి నిలబడకూడదు."

"మరి సముద్రం?" అంది అక్క.

"పిల్లలతో ఉన్నప్పుడు చూడొచ్చు కదక్కా! ఆఖరి ప్రశ్న. మీ ఇష్టంతోనే వస్తున్నారా?"

అక్క ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూసుకుంటోంది. సూది పోట్లకి వేళ్ళ కొసలన్నీ గరుకుదేరిన చేతులు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆమె అవునంటుందని తెలిసి, గభాల్న అన్నాడు.

"ఆవిడ మా అక్కండీ."

"తెలుసండీ," అంది ఆవిడ, నవ్వుతూ. "అక్కనే రాశాను."

"అది కాదండీ. సొంత అక్క."

"సొంత అక్కలాగే చూసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది సార్."

"లాగా కాదండీ! తోడబుట్టింది. మా అమ్మకి పుట్టింది." మాట అరుపులా వచ్చింది.

ఆవిడ పెన్ను ఆపి అతని మొహం చూసింది. అక్క మొహం చూసింది. మళ్ళీ ఇతని వంక చూసింది. ఆ చూపులో నవ్వు కొద్దికొద్దిగా తగ్గుతోంది. సరిగ్గా అప్పుడు అక్క కలగజేసుకుంది.

"సారు ఎప్పుడూ అంతేనండీ. అందరితోనూ అలానే చెప్తారు. చాలా మంచి మనసు. ఎక్కడ సంతకం?"

సారు. నలభై మూడేళ్ళుగా ఒరేయ్ అన్న నోటితో అంది. సంతకం కూడా చేసింది, మెల్లగా, అక్షరం అక్షరం గుండ్రంగా.

"ఈ రోజుల్లో పనిమనిషిని ఇంత గౌరవంగా చూసుకునేవాళ్ళు ఎక్కడున్నారు సార్?" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకోవడం ఒక్కటే తక్కువగా. "మిమ్మల్ని చూస్తే నాకే సిగ్గేస్తోంది."

"థాంక్సండీ," అన్నాడు అతను. అలవాటుగా వచ్చేసింది. వచ్చాక తన నోరు తనకే అసహ్యమనిపించింది.

బయటికొచ్చాక అక్క లిఫ్టు వైపు వెళ్ళలేదు, మెట్ల దారి పట్టింది. రెండో అంతస్తు మలుపులో అతను ఆమెను అందుకున్నాడు.

"ఎందుకలా అన్నావక్కా? నేను నిజం చెప్తూనే ఉన్నాగా."

"నువ్వు చెప్పేవేళకి ఆలస్యమైపోయిందిరా. నేను నీ తోడబుట్టినదాన్నేనని ఒప్పుకున్నాననుకో, పావు టికెట్టు కోసం సొంత అక్కని పనిమనిషిని చేశాడని ఆవిడ నీ మొహాన ఉమ్మేసేది. పనిమనిషినైతే నాకు పోయేదేముంది? పనిచేసే బతికాను." కోపంగా అనలేదు. ఇంటికి తేవలసిన సరుకులు చెబుతున్నట్టుగా అంది. కోపంగా అంటే బాగుండునని అతనికి అనిపించింది. "ఒక్కటి చెప్పు. ఆవిడే అలా అనుకుందా, నువ్వు చెప్పావా?"

"ఆవిడే అనుకుంది. నేను ఊరుకున్నాను."

"ఎన్నాళ్ళు ఊరుకున్నావు?"

"మూడు వారాలు."

ఆమె తల ఊపింది. ఆ మూడు వారాల్లో తను కుట్టిన బట్టలూ, కార్ఖానాలో చెప్పుకున్న గొప్పలూ ఆమెకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయని అతనికి తెలుస్తోంది. కాళ్ళ మీద పడదామనుకున్నాడు. ఎవరో మెట్లెక్కి వస్తుంటే పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"నేను పైకెళ్ళొస్తాను," అన్నాడు చివరికి.

"నాకోసమైతే వద్దు. సంతకం పెట్టేశాగా. పిల్లలు సరదా పడుతున్నారు."

"నీకోసం కాదు."

"అయితే నీ ఇష్టం," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఆవిడ అతన్ని చూసి నిండుగా నవ్వింది. "ఏమైనా మర్చిపోయారా సార్?"

అతను కూర్చోలేదు. "ఆవిడ చెప్పింది అబద్ధమండీ. నా పరువు కాపాడ్డానికి చెప్పింది. ఆవిడ నిజంగానే నా తోడబుట్టిన అక్క, నన్ను పెంచిన మనిషి. మూడేళ్ళవాడు అంటే మా అబ్బాయి కాదు, నేను. ఆ రోజు మీరు పొరబడ్డారని తెలిసీ నేను నోరు మూసుకున్నాను. డబ్బు కలిసొస్తుందని."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇవాళ నేనేం అడగబోతున్నానో ఆవిడకి చెప్పే తీసుకొచ్చారా?"

"లేదండీ."

"అయ్యో," అంది ఆవిడ. అది అతని మీద జాలి కాదు. అతన్ని తిట్టలేదు, అయితే ఆ తర్వాత ఒక్కసారి కూడా సార్ అనలేదు. సంతకం చేసిన కాగితం తీసి రెండుగా చింపింది. "ఐదో మనిషికి వేరే గది తీసుకుంటారా?"

ఆ ధర అతను మొదటిసారి వచ్చినప్పుడే విన్నాడు. తన వల్ల కాదని అప్పుడూ తెలుసు. అప్పుడే ఆ ముక్క పైకి అనేస్తే సరిపోయేది. "మామూలు ఓడలో?" అన్నాడు.

"పక్కపక్కనే రెండు గదులొస్తాయి. కిటికీలుండవు. జనం ఎక్కువ."

"డెక్కు మీదికి ఎవరైనా వెళ్ళొచ్చా?"

"ఎవరైనా, ఎప్పుడైనా."

"ఒక్కరే వెళ్ళి నిలబడొచ్చా?"

"ఎంతసేపైనా."

"అదే రాయండి," అన్నాడు. ప్రీమియం వదులుకున్నందుకు అతనికి బాధ లేదు. ఇంటికెళ్ళి భార్యకీ పిల్లలకీ ఎందుకు వదులుకున్నామో చెప్పాలి. ఈసారి ఆఫరని చెప్పడానికి ఏమీ లేదు. కొడుకుతో జారుడుబల్ల పోయిందని చెప్పడం తేలిక. ఎందుకు పోయిందో కూతురికి చెప్పడమే కష్టం. ఆ తమ్ముడికి అది కూడా అక్కే మరి.

కిందికి దిగేసరికి ఆమె బస్సు స్టాపులో నిలబడి ఉంది. కొత్త నీలం బట్టలకి గోడ సున్నం అంటితే దులుపుకుంటోంది. చుట్టూ నలుగురైదుగురు మనుషులున్నారు.

"ఏ ఓడ?" అంది, అతని వైపు తిరక్కుండానే.

"మామూలుదే. ఐదుగురం. కిటికీ లేదు."

"నన్నేమని రాయించావు?"

"అక్క అని."

"ఏ అక్క?"

వెటకారానికి అడగలేదు. వెటకారమైతే అతనికి తెలుస్తుంది, ఆమె దగ్గర పెరిగినవాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మాటలు సరిగ్గా రాని వయసు నుంచీ పిలుస్తున్న పిలుపు అది. దానికి పక్కన ఇంకో మాట తగిలిస్తే తప్ప ఇప్పుడు చెల్లేలా లేదు.

"తోడబుట్టిన అక్క," అన్నాడు. స్టాపులో ఇద్దరు తలతిప్పి చూశారు.

"ఊఁ," అంది ఆమె.

బస్సొచ్చింది. ఆమె ముందెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఎప్పుడు బస్సెక్కినా, పక్క సీటు మీద అరచెయ్యి వేసి, ఎంత జనంలోనైనా "ఒరేయ్, ఇటు!" అని కేకేసేది. మీసాలొచ్చాక ఆ కేకకి అతను సిగ్గుపడేవాడు కూడా. ఇవాళ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది. సీటు ఖాళీగానే ఉంది. అతను దాని పక్కనే కమ్మీ పట్టుకుని, పిలుస్తుందేమోనని, దిగే స్టాపు దాకా నిలబడే ఉన్నాడు.